టవరు కింద పదకొండు నిమిషాలు

మా ముత్తాత అనంతరామారావు తొమ్మిది ఊళ్లకు మక్తేదారు. టేకులపల్లి అడవి దిగిన చోటి నుంచి కారేపల్లి మెట్ట మొదలయ్యే దాకా ఆయన మాట లేకుండా ఇప్పపూవు కూడా ఏరేవారు కాదు. మా తాత లక్ష్మీకాంతరావు నిజాం అమీనులను అరుగు కింద నిలబెట్టి మాట్లాడినవాడు. మా గడి ముందు నుంచి చెప్పులు తొడుక్కుని ఎవరూ నడవలేదు, గుర్రం దిగకుండా ఎవరూ దాటలేదు. మా నాయన మాధవరావు వంతు వచ్చేసరికి భూమి పరిమితి చట్టం వచ్చి పొలాలు పోయాయి. గడి, దాని వెనక మామిడి తోట, ఒక జీపు, ఒక తుపాకి, నడవలో మేకుకు వేలాడే ఎద్దుతోలు కొరడా మిగిలాయి. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్ప కోసమేనని ఎవరైనా అంటే కాదని వాదించను కూడా.

కొరడా సంగతి ముందే చెప్పాలి. తాత దాన్ని వాడినవాడు, నాయన చూపించి బెదిరించినవాడు, నేను తిన్నవాణ్ని. తాత చివరిసారి దాన్ని వాడింది మల్లయ్య అనే జీతగాడి మీద. ఎండ కాలం మా మడికి పోవలసిన కాలువ నీళ్లను ఒక పూట తన చెలకకు తిప్పుకున్నాడని అతన్ని గడి ముందున్న రాతి స్తంభానికి కట్టించి, అరుపు ఆగిపోయే దాకా కొట్టాడు. మా అమ్మ అప్పుడు కొత్త కోడలు. వంటింట్లో ఉండి విన్నదట. "ఆ పొద్దు పప్పు మాడింది" అని మాత్రమే చెప్పేది, అంతకు మించి చెప్పేది కాదు. మల్లయ్య ఆ వారమే పెళ్లాన్ని, కొడుకును తీసుకుని కొత్తగూడెం బొగ్గు గనులకు వెళ్లిపోయాడు. ఆ కొడుకు పేరు ఓదెలు. గనుల క్వార్టర్లలో పుట్టిన రెండో కొడుకు సమ్మయ్య.

పోయిన వేసవిలో, ఇప్పపూవు రాలే రోజుల్లో, భోజనం ముగించి వరండాలో కూర్చుని ఉండగా గేటు దగ్గర ఆటో ఆగింది. నా ఈడు మనిషి ఒకడు దిగాడు. నెత్తిన ఉన్ని టోపీ, అంత ఎండలోనూ. కుడి కంటికి నల్లద్దం. టోపీ అంచు కింద నుంచి నుదురు మీదికి, అక్కడి నుంచి చెంప దాకా చర్మం ముడతలు పడి, కుట్టి విప్పిన గోనె సంచిలా ఉంది. వెంట ఇరవై ఏళ్ల పిల్ల. అతను నా అనుమతి అడగకుండా మెట్లెక్కి, నా ఎడమ పక్క కుర్చీలో కూర్చున్నాడు. నా ఎడమ చెవి పనిచేయదు. నేను కుర్చీ తిప్పుకోవలసి వచ్చింది.

"గుర్తు వట్టినవా?" అన్నాడు. దొర అనలేదు, గారు అనలేదు.

"సమ్మయ్యవు."

"అవ్. అన్న పోయి మూడేండ్లాయె. గిది నా మనుమరాలు శిరీష. అన్న లెక్కనే లైసెన్సు దెచ్చుకున్నది. పొద్దుమాపు గా రేడియో ముందలనే కూసుంటది, బువ్వ గూడ అక్కడికే వట్టుకపోవాలె."

ఆ పిల్ల నా వైపు చూడడం లేదు. పెరట్లో నిలబడి ఉన్న ఇనుప టవరు వైపు చూస్తోంది. "తాతా, జంగు పైపైననే ఉన్నది. లోపల ఇనుము గట్టిగనే ఉంటది" అంది.

"టవరు కొందామని వచ్చినం" అన్నాడు సమ్మయ్య. "దానికన్న ముందుగాల ఒక్క మాట అడుగుత. చెప్తె చెప్పు, లేకుంటె లేదు. ఆనాడు మా అన్న మొత్తుకున్నది నువ్వు ఇన్నవా, ఇనలేదా?"

నలభై ఏళ్లు దాటాయి. ఈ ప్రశ్న నన్ను మా నాయన ఒకసారి అడిగాడు, సమ్మయ్య ఇప్పుడు అడిగాడు. నాయనకు ఏం చెప్పానో, సమ్మయ్యకు ఏం చెప్పానో రాయడానికే ఈ అధ్యాయం.

నాయనకు వైర్‌లెస్ పిచ్చి ఎక్కడి నుంచి పట్టిందో నాకు తెలియదు. భూములు పోయిన మరుసటి ఏడు హైదరాబాదు వెళ్లి పరీక్ష రాసి, అమెచ్యూర్ రేడియో లైసెన్సుతో తిరిగి వచ్చాడు. పడమటి గది ఖాళీ చేయించి, మిలిటరీ పాత సామాన్లలో కొన్న రిసీవరు ఒకటి పెట్టాడు. ట్రాన్స్‌మిటరు మాత్రం తన చేత్తోనే కట్టుకున్నాడు. పెరట్లో నలభై అడుగుల టవరు లేపి, దాని కొస నుంచి రెండు వైపులా రాగి తీగ కట్టించాడు. ఆ గది వాసన నాకు ఇప్పటికీ తెలుసు. వేడెక్కిన వాల్వుల మీద కాలే దుమ్ము, టంకం అతికించే గుగ్గిలం, నాయన నమిలే లవంగం. ఉదయం స్నానం, సంధ్యావందనం, అమ్మ ఇచ్చే కాఫీ, ఆ తర్వాత స్విచ్చు. వాల్వులు ఎర్రబడేదాకా ఆయన చేతులు తొడల మీద పెట్టుకుని, దేవుడి తలుపు తెరిచేదాకా ఆగే మనిషిలా నిటారుగా కూర్చునేవాడు. అడవి అంచున వైర్‌లెస్ అంటే పోలీసులకు అనుమానం. ఏడాదికోసారి వచ్చి లైసెన్సు చూసి, టీ తాగి పోయేవారు. నాయన మాట్లాడినప్పుడల్లా ఆయన గొంతు గుడి మైకు సెట్టులో కూడా పలికేది. భజన మధ్యలో "సీక్యూ, సీక్యూ" అని, గాలిలో ఎవరైనా ఉన్నారా అనే పిలుపు వినపడేది. మైకు సెట్టు మస్తాన్ ఒకసారి వచ్చి, "దొరా, మీరు గిట్ల మాట్లాడితె రాముడు ఎవరి మాట ఇనాలె?" అని నవ్వుతూ అడిగాడు. నాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే లేచి అతని మెడ పట్టుకుని మెట్ల మీది నుంచి తోసేశాడు. మస్తాన్ ముందు పళ్లు రెండు ఊడాయి. మా ఇంట్లో కోపం అలా వచ్చేది, నవ్వుకు వెనకే, చప్పుడు లేకుండా.

కానీ గాలిలో మాట్లాడే మర్యాద విషయంలో నాయన చాలా నియమం గల మనిషి. నాకు మొదటి రోజు నేర్పింది మైకు పట్టుకోవడం కాదు, నోరు మూసుకోవడం. "ముందుగాల ఇను. మళ్ల ఇను. ఖాళీగున్నదా అని అడుగు. జవాబు రాకపోతె ఇంకోపారి అడుగు. గప్పుడు నోరు తెరువు." ఏ ఫ్రీక్వెన్సీ ఎవరి సొత్తూ కాదు. మాట్లాడుకునే ఇద్దరి మీద మూడోవాడు పడకూడదు. కలెక్టరైనా కూలీ అయినా ఒకరినొకరు ఓఎం అని పిలుచుకోవాలి, ఓల్డ్ మ్యాన్ అని. ఎవరైనా "బ్రేక్, బ్రేక్" అంటే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. ఆపదలో ఉన్నవాడు తప్ప ఆ మాట వాడడు. అన్నిటి కన్నా పెద్ద తప్పు ఊరికే బటన్ నొక్కి పట్టుకోవడం. మాట ఉండదు, ఉత్త అల మాత్రం పోతుంది. దాన్ని క్యారియర్ వేయడం అంటారు. ఆ ఫ్రీక్వెన్సీ మీద ఉన్న బలహీనమైన గొంతులన్నీ దాని కింద నలిగిపోతాయి, అవతలివాళ్లకు సన్నని కూత తప్ప ఏమీ వినపడదు. "గది మనిషి నోట్ల మన్ను గొట్టుడు" అనేవాడు నాయన.

లైసెన్సుతో పాటు ఇచ్చే గుర్తు పేర్లను, కాల్ సైన్లను, ఇక్కడ రాయను. అవి ఇప్పుడు ఇంకెవరివో అయి ఉంటాయి. మా దాని చివరి అక్షరం డబ్ల్యూ, పొరపాటు వినకుండా దాన్ని గాలిలో విస్కీ అని పలకాలి. మద్యం ముట్టని వైష్ణవ వంశం మాది. దేశమంతా నాయనను విస్కీ అనేది, ఆయన దానికి అలవాటు పడ్డాడు, లోలోపల కాస్త ముచ్చట పడ్డాడు కూడా. ఒక ఉదయం ఆయన పిలుపుకు కొత్త గొంతు ఒకటి జవాబిచ్చింది. బలంగా, దగ్గరగా ఉంది. చివరి అక్షరం హెచ్, అంటే హోటల్. "విస్కీ, హోటల్ ఒక్క జిల్లాలనే దొరికినయి ఓఎం, ఇగ మనకు కొదువ లేదు" అని ఆ గొంతు నవ్వింది. నాయనకూ నవ్వొచ్చింది. పేరడిగాడు.

"నా పేరు ఓదెలు, ఓఎం. గనిల ఎలక్ట్రీషియన్ పని."

గాలిలో అడగకూడని మాట నాయన అప్పుడు అడిగాడు. "ఏ ఓదెలువు? ఎవరి కొడుకువు?"

జవాబు వచ్చింది. "మల్లయ్య కొడుకును ఓఎం. మీ గడి మల్లయ్య."

నాయన సెలవు మాట కూడా చెప్పకుండా సెట్టు కట్టేశాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చుని, కలిపిన ముద్దను విస్తట్లోనే వదిలేసి, "ఓఎం అంటడు నన్ను" అన్నాడు. అమ్మ మారు వడ్డించడానికి వంగినది వంగినట్టే ఆగిపోయింది. మరునాటి నుంచి ఓదెలు ఎక్కడ మాట్లాడితే అక్కడ క్యారియర్ పడడం మొదలైంది. నాకు ఆ నియమాలన్నీ నేర్పిన మనిషే చేతి బటన్ నొక్కి, కిటికీలోంచి మామిడి తోట చూస్తూ కూర్చునేవాడు. మన గట్టు మీదికి వస్తే ఊరుకుంటామా అనేవాడు. మా ఊళ్ల హద్దు రాళ్లు పోయాక ఆయనకు మిగిలిన గట్టు అదొక్కటే. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. తప్పని తెలుసు. తప్పు చేయగలిగినవాళ్లం మేమే అని గర్వంగా కూడా ఉండేది.

మరుసటి ఏడు దక్షిణాది స్టేషన్ల పోటీ వచ్చింది. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా. ఎక్కువమందితో మాట్లాడినవాడు గెలుస్తాడు. ఒక్కొక్కరితో పది క్షణాల మాట. కాల్ సైన్, సిగ్నల్ ఎంత బాగా వస్తోందో చెప్పే రెండంకెలు, మన వరస సంఖ్య, థాంక్యూ. పోటీ రోజు రిసీవరు ముల్లు ఎటు తిప్పినా ఖాళీ చోటు ఉండదు. సంతలో మేకలమ్మేవాడు, చీరలమ్మేవాడు, గాజులమ్మేవాడు ఒకే గుడారం కింద నిలబడి అరిచినట్టు ఉంటుంది. గొంతు మీద గొంతు, దాని మీద ఇంకో గొంతు. "జరుగు ఓఎం, నా మీదికి వస్తున్నవు" అని ఒకడు, "నువ్వే వచ్చినవు, గంట సేపటి నుంచి నేనిక్కడ ఉన్న" అని ఇంకొకడు. మంచి చోటు దొరికితే అక్కడే కూర్చుని అందరూ మన దగ్గరికి వచ్చేలా పిలవాలి. చోటు వదిలితే పోటీ పోయినట్టే. నాయనా నేనూ వంతుల వారీగా కూర్చున్నాం. ఆదివారం తెల్లారేసరికి మేము ముందున్నామని రాజమండ్రి మేష్టారే చెప్పారు. ఆయన పదవీ విరమణ చేసిన సైన్సు ఉపాధ్యాయుడు, గాలిలో అందరికన్నా పెద్దవాడు. ఆయన పొగిడాడంటే నాయనకు తొమ్మిది ఊళ్లు తిరిగి వచ్చినంత సంతోషం.

ఎనిమిది కావస్తుండగా నాయన మైకు నా చేతికిచ్చి స్నానానికి లేచాడు. "చోటు ఇడువకు. హోటల్ గాడు వస్తె తెలుసు గదా" అన్నాడు. నేను పిలుస్తున్నాను. నా పిలుపుల మధ్య ఖాళీలో ఒక గొంతు వచ్చింది. "బ్రేక్ బ్రేక్ బ్రేక్." ఓదెలు గొంతు. అతను తమ్ముణ్ని, ఇంకొక స్నేహితుణ్ని వెంటేసుకుని లారీ బ్యాటరీతో పోటీలో పాల్గొనడానికి టేకులపల్లి పక్క గుట్టెక్కాడని, తీగను రెండు ఎత్తైన ఇప్ప చెట్లకు కట్టాడని నాకు తర్వాత తెలిసింది. పూవు రాలే కాలంలో ఇప్ప చెట్టు కింద తెల్లవారుజామున ఎవరు ఉంటారో అడవిలో పుట్టినవాళ్లెవరికైనా తెలుసు. గనుల క్వార్టర్లలో పెరిగినవాళ్లకు తెలియలేదు. వాళ్లకు ఎత్తు కావాలి, ఆ చెట్లు ఎత్తుగా ఉన్నాయి. పూవు తిని వెలుతురు వచ్చినా కదలని ఎలుగుబంటి ఒకటి, రాత్రంతా మేలుకుని చెట్టు మొదట్లో కునుకు తీస్తున్న సమ్మయ్య మీద పడింది.

నేను బటన్ నొక్కాను. మాట లేకుండా నొక్కి పట్టుకున్నాను.

బటన్ నొక్కినంతసేపు మనకు ఏమీ వినపడదు. పంపేటప్పుడు రిసీవరు చెవిటిదైపోతుంది. కానీ మా ట్రాన్స్‌మిటరులో రెండు వాల్వులు. నిమిషం మించి క్యారియర్ వేస్తే వాటి రేకులు ఎర్రగా కాలి పాడవుతాయి. అందుకని నిమిషానికోసారి వదలాలి, ఊపిరి పీల్చినంతసేపు. వదిలినప్పుడల్లా ఓదెలు గొంతు ఉండేది. రెండు మాటలు, మూడు మాటలు. మళ్లీ నొక్కేవాణ్ని. కిటికీ అవతల అమ్మ మామిడికాయ ముక్కలకు ఆవపిండి పట్టిస్తోంది. ఎండ అప్పుడే వేడెక్కుతోంది. రాగి చెంబుతో నాయన నీళ్లు పోసుకుంటున్న చప్పుడు పెరట్లోంచి వస్తోంది. ఎంతసేపు అయిందో నాకు లెక్క లేదు. పదకొండు నిమిషాలని రాజమండ్రి మేష్టారు తన పుస్తకంలో రాసుకున్నారు.

చివరిసారి వదిలినప్పుడు వినపడింది ఓదెలు కాదు, మేష్టారు. అంత పెద్దమనిషి గొంతు చించుకుని అరుస్తున్నాడు. "ఎవరండీ ఆ క్యారియర్? విస్కీ, మీరేనని నాకు తెలుసు! అక్కడ మనిషి ప్రాణం పోతోందండీ, సిగ్గుండాలి, చెయ్యి తియ్యండి! అందరూ ఆగండి. ఫ్రీక్వెన్సీ మీద అందరూ ఆగండి." అంత సంత ఒక్కసారిగా చచ్చిపోయినట్టు ఆగిపోయింది. రాత్రంతా అరిచిన వందమంది గొంతులు లేవు. రిసీవరులో ఉత్త గాలి హోరు. ఆ హోరులో ఓదెలు గొంతు వచ్చింది, ఏడుస్తూ. "తమ్ముని నెత్తి చీరేసింది మేష్టారూ. కన్ను బయటికొచ్చింది. ఇంక ఇక్కడిక్కడనే తిరుగుతున్నది. ఎవలన్న రాండ్రి."

"ఓదెలూ, మీకు దగ్గర్లో ఉన్న స్టేషన్ ఏది నాయనా?" అన్నారు మేష్టారు.

"విస్కీ. పన్నెండు కిలోమీటర్లు."

దేశంలోని స్టేషన్లన్నీ మా జవాబు కోసం ఆగి ఉన్నాయి. నేను వెనక్కి తిరిగితే నాయన తడి పంచెతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇయర్‌ఫోన్‌తో పాటు స్పీకరు కూడా మోగుతోంది, మేష్టారి అరుపు నుంచి అంతా విన్నాడు. ఒక్క అడుగు వేసి, తెరిచిన అరచేత్తో నా ఎడమ చెవి మీద కొట్టాడు. ఇయర్‌ఫోన్ చెవి మీదే ఉంది. దాని బేకలైట్ పగిలి లోపలికి గుచ్చుకుంది. కుర్చీతో సహా కింద పడ్డాను. చెవిలోంచి వెచ్చగా మెడ మీదికి కారింది. ఆయన నన్ను దాటి మైకు అందుకుని, ఎప్పటిలా నిటారుగా నిలబడి, "విస్కీ ఇక్కడ. నేను జీపు తీసుకొని పోతున్న. ఇరవై నిమిషాలు" అన్నాడు. అప్పుడు ఓదెలు అన్న మాట నేను ఎన్నటికీ మరవను. "థాంక్యూ ఓఎం" అన్నాడు. అలవాటుగా వచ్చింది ఆ మాట.

నాయనతో పాటు జీపులో వెళ్లి గుట్ట మీద నేను చూసింది ఇదీ. టార్పాలిన్ మీద సెట్టు, తెరిచి ఉన్న పోటీ పుస్తకం, దాని పేజీల మీద రక్తపు బొట్లు వరస అంకెల మీదుగా జారి ఉన్నాయి. సమ్మయ్య చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నెత్తి తోలు జుట్టుతో సహా ఊడి ముఖం మీదికి వేలాడుతోంది. ఓదెలు దాన్ని తువ్వాలుతో పైకి నొక్కి పట్టుకుని, రెండో చేతిలో మైకు ఇంకా వదలలేదు. తెల్లటి ఎముక కనపడుతోంది. చుట్టూ పసుపుపచ్చని ఇప్పపూవు రాలి, ఆ తీపి వాసనా రక్తపు వాసనా కలిసిపోయాయి. మూడో మనిషి చెట్టెక్కి దిగడం లేదు. కింద పొదలు కదిలాయి. నాయన తుపాకి పేల్చాడు. పొదల్లోంచి నల్లగా ఒకటి లేచి గుట్ట దిగి పరిగెత్తింది.

సమ్మయ్యను నేను కాళ్ల వైపు పట్టుకోబోయాను. అతను బ్రేక్ అన్నప్పుడు గాలిలో ఉన్నది నా గొంతేనని ఓదెలుకు తెలుసు, తువ్వాలును నాయన చేతికిచ్చి లేచి, నా ఛాతీ మీద తన్నాడు. పడిపోయాను. తీగ కట్టడానికి తెచ్చిన వెదురు బొంగు అందుకుని కొట్టాడు. భుజం మీద, వీపు మీద, అడ్డం పెట్టిన చేతుల మీద. "పోటీ గావాల్నారా నీకు? పోటీ గావాల్నా? మా నాయిన వీపు తిన్నరు, ఇగ మా తమ్మున్ని గూడ తింటరా?" అని ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క మాట. బొంగు చీలింది. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు నాకు కుడి చెవితో వినపడింది. మల్లయ్య కొడుకు దొర కొడుకును కొడుతుంటే దొర అక్కడే ఉన్నాడు, చేతిలో తుపాకి ఉంది. నాయన సమ్మయ్య నెత్తిని తువ్వాలుతో పట్టుకుని కూర్చుని చూస్తూ ఉన్నాడు. చాలాసేపటికి, "చాలు ఓదెలూ. ముందుగాల వీన్ని బండెక్కియ్యి. మిగిలింది నేను ఇంటికి వొయినంక కొడత" అన్నాడు.

కొత్తగూడెం దవాఖానాలో సమ్మయ్యకు నెత్తి కుట్టారు. కన్ను తీసేశారు. నా చేతికి కట్టు కట్టారు. ఇంటికి వచ్చాక నాయన ఆడిన మాట తప్పలేదు. నడవలో మేకు నుంచి కొరడా తీసి, "అంగీ ఇప్పు, నిలబడు" అన్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది కానీ అడ్డం రాలేదు. స్తంభానికి కట్టలేదు నన్ను. మా వంశంలో అది ఇతరులకు చేసేది. నేను నిలబడి తిన్నాను, వంగలేదు. అయిదారు దెబ్బల తర్వాత ఆయన ఆగాడు. "నేను నేర్పిందే చేసినవు. నన్ను కొట్టేటోడు లేడు, గందుకని నిన్ను కొడుతున్న" అన్నాడు. కొరడా కింద పడేసి నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. ముఖం నిండా చెమట. "ఒక్కటి చెప్పు. వాడు ఎలుగుబంటి అన్నది నువ్వు ఇన్నవా?"

"వినలేదు నాయనా" అన్నాను. "బటన్ నొక్కితే మనకు వినపడదు గదా."

ఆయన నా ముఖం చూశాడు. వాల్వుల సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఆ ట్రాన్స్‌మిటరు కట్టింది ఆయనే. "గంతే అయుంటది" అని లోపలికి వెళ్లిపోయాడు. పోటీ నిర్వాహకులకు మా స్టేషన్ తప్పు చేసిందని, మమ్మల్ని జాబితాలోంచి తీసేయమని తన చేత్తో ఉత్తరం రాశాడు. మళ్లీ మైకు ముట్టలేదు. ఆ గదికి తాళం వేసి, ఉదయం కాఫీ తాగాక తాళం వేసిన తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చివరికి అలాగే పోయాడు. ఆయన పోయాక మామిడి తోట పోయింది, జీపు పోయింది, తుపాకిని పోలీసులకు అప్పగించాను. కొరడా వానలకు బూజు పట్టి ముక్కలైతే అమ్మ పొయ్యిలో పెట్టింది. ఇప్పుడు అందరి జేబుల్లో ఫోన్లు ఉన్నాయి, అడవి నుంచి కూడా మాట్లాడవచ్చు, ఒకరి మాట ఆగేదాకా ఇంకొకరు ఆగే అవసరం ఎవరికీ లేదు. మా రోజుల్లో మర్యాద ఉండేదని నేను అనబోతాను, ఆ పదకొండు నిమిషాలు గుర్తొచ్చి ఆగిపోతాను.

వరండాలో సమ్మయ్య నా జవాబు కోసం ఆగి ఉన్నాడు. పాత మాటే చెప్పాను, బటన్ నొక్కితే వినపడదని. అప్పుడు ఆ పిల్ల టవరు మీది నుంచి చూపు తిప్పింది. "కానీ సార్, క్యారియర్ నడుమ నడుమ ఆగిందని రాజమండ్రి సారు పుస్తకంల ఉన్నది. ఓదెలు తాత ఫోటో తీయించి దాచిపెట్టిండు. పన్నెండు కిలోమీటర్లంటె అయిదు వాట్ల సిగ్నల్ గూడ ఇంట్ల మాట్లాడినట్టు ఇనవడతది. రాజమండ్రికి ఇనవడ్డది మీకు ఇనవడకుండ ఎట్లుంటది?" అంది. గొంతులో కోపం లేదు. లెక్క తప్పిన విద్యార్థిని అడిగినట్టు అడిగింది.

"ఇగో, కన్ను సంగతి గాదు నేనడిగేది" అన్నాడు సమ్మయ్య. "జల్దీ వచ్చినా కన్ను పోయేదే అన్నడు డాక్టరు. రక్తం కండ్లల్లకు కారుతుంటే నాకేం కనవడలే. గా కూత ఒక్కటే ఇనవడ్డది. అన్న బటన్ ఇడిసిపెట్టినప్పుడల్లా కూత. ఇవతల నేను సస్తున్న, అవతల ఎవడో కూత వెడుతున్నడు. వాడు ఎరుకయి వెట్టిండా, ఎరుక లేక వెట్టిండా? అన్న గదే అనుకుంట వోయిండు. నేను పోకముందు ఇని పోత."

విన్నాను. మొదటిసారి వదిలినప్పుడే విన్నాను. "తమ్మున్ని ఎలుగుబంటి వట్టింది" అన్నాడు ఓదెలు, పక్క గదిలోంచి అన్నంత స్పష్టంగా. అబద్ధమేమో, మా చోటు కాజేయడానికి ఎత్తేమో అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అనుకున్నానని రాసి ఉంటే ఈ అధ్యాయం సులువయ్యేది. రెండోసారి వదిలితే, "విస్కీ, మీరు ఇంటున్నరని తెలుసు, మీ కాళ్లు మొక్కుత దొరా" అన్నాడు. ఏడాదిగా ఓఎం అని పిలిచిన మనిషి దొరా అన్నాడు. ఆ మాట విని నాకు ఒళ్లు పులకరించింది. ఇంకొక్కసారి అంటాడేమోనని మళ్లీ నొక్కాను. మళ్లీ వదిలాను. అన్నాడు. పదకొండు నిమిషాలు అది వింటూ కూర్చున్నాను. మా తాతకు రాతి స్తంభం దగ్గర ఏం వినపడేదో నాకు ఆ రోజు తెలిసింది.

ఇదంతా సమ్మయ్యకు చెప్పాను, అతని వైపు తిరిగి, నిటారుగా కూర్చుని. అతను కదలకుండా విన్నాడు. చెప్పడం అయ్యాక టోపీ తీసి, చేత్తో నెత్తి తుడుచుకున్నాడు. జుట్టు లేని ఆ ఎర్రటి చర్మం మొదటిసారి దగ్గరగా చూశాను. "సరే" అన్నాడు. క్షమించానని అనలేదు, నేను అడగలేదు.

"టవరు ఊరికే తీసుకుపొండి" అన్నాను.

"గడిల ఊకె దీసుకునే రోజులు మా నాయినతోనే పోయినయి" అన్నాడు లేస్తూ. "కొనుక్కుంటం. ధర నువ్వు చెప్పకు, మేమే చెప్తం. మా అన్న మీద కూత వెట్టినట్టు ఎదురు చెప్పకు."

మరుసటి ఆదివారం శిరీష నలుగురితో స్పానర్లు, తాళ్లు తీసుకుని వచ్చింది. పై ముక్క నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే విప్పి, ట్రాక్టరులో పేర్చుకున్నారు. ధర వాళ్లే చెప్పారు. నేను బేరమాడలేదు. మా ఇంట్లో అమ్మడానికి మిగిలిన చివరి వస్తువు ఆ టవరు, దాన్ని మల్లయ్య మునిమనుమరాలు కొన్నది.